పొగను పట్టి భూమిలో దాచడం కుదిరే పనేనా? కార్బన్ క్యాప్చర్ వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. ముందు అది చెప్తాను.

మా మేనమామ థర్మల్ పవర్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యారు. వాళ్లబ్బాయి, అంటే మా బావమరిది, ఎమ్మెస్సీ జియాలజీ చివరి ఏడాదిలో ఉన్నాడు. మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "బావా, పీహెచ్‌డీకి ఒక అవకాశం వచ్చింది. కార్బన్ డయాక్సైడ్‌ని రాళ్లలో దాచడం మీద. చేరాలా వద్దా తేలట్లేదు. నాన్నకి చెప్తే నవ్వుతున్నారు. ఆ చిమ్నీ పొగని పట్టి భూమిలో పాతిపెడతారట్రా, ఎవరు చెప్పారు నీకు అంటున్నారు. నువ్వు చరిత్రలు చెప్తావు కదా. ఇది నిజంగా ఉన్న పనేనా, లేకపోతే బొగ్గు కంపెనీలు రోజులు గడపడానికి చెప్పే సాకా?"

నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఒక వారం టైమ్ ఇవ్వరా అన్నాను. ఆ వారంలో చదివింది, నాకు అర్థమైంది ఇప్పుడు మీకు చెప్తున్నాను. ఐదేళ్ల జీవితం పెట్టాలా వద్దా అని ఒక కుర్రాడు అడుగుతున్నాడు కాబట్టి, ఊరికే పొగడటానికీ లేదు, ఊరికే తిట్టడానికీ లేదు.

ముందు చిన్న లెక్క

కార్బన్ డయాక్సైడ్ అని ప్రతిసారీ అనడం కష్టం, ఇకనుంచి సీఓటూ అంటాను.

బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారైతే సుమారు ఒక కిలో సీఓటూ బయటికి వస్తుంది. మీ ఇంట్లో రాత్రంతా ఏసీ నడిస్తే ఆరేడు యూనిట్లు అనుకోండి. ఆ కరెంటు బొగ్గుదైతే ఆరేడు కిలోల సీఓటూ. కంటికి కనపడదు, వాసన రాదు, అందుకే మనకి పట్టదు. ఇంకో విషయం. ఒక కిలో కార్బన్ కాలితే గాలిలోని ఆక్సిజన్ కలిసి 3.67 కిలోల సీఓటూ అవుతుంది. అంటే తవ్వి తీసిన దానికంటే తిరిగి దాచాల్సిన దాని బరువే ఎక్కువ.

చిమ్నీలోంచి వచ్చే పొగంతా సీఓటూ కాదు. బొగ్గు ప్లాంట్ పొగలో అది 12 నుంచి 14 శాతమే ఉంటుంది. మిగతాది ఎక్కువగా నైట్రోజన్. కాబట్టి పని రెండు భాగాలు. ఒకటి, పొగలోంచి సీఓటూని విడదీయడం. రెండు, దాన్ని మళ్లీ పైకి రాకుండా లోపల దాచడం. మొదటిది కెమిస్ట్రీ, రెండోది జియాలజీ. ఈ రెండింటి మధ్యలో డబ్బు అనే మూడోది ఒకటి ఉంది. అసలు కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1930: టెక్నాలజీ అప్పటికే ఉంది

నేను ఆశ్చర్యపోయింది ఇక్కడే. ఇదేదో కొత్త ఆవిష్కరణ అనుకుంటాం కదా. 1930లోనే అమెరికాలో రాబర్ట్ బాటమ్స్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నారు. అమీన్లు అనే రసాయనాలు కలిపిన నీళ్ల మీదుగా గ్యాస్‌ని పంపిస్తే సీఓటూ ఆ ద్రవానికి అంటుకుంటుంది. తర్వాత ఆ ద్రవాన్ని సుమారు 120 డిగ్రీల దాకా వేడి చేస్తే సీఓటూ విడిగా బయటికొస్తుంది. ద్రవాన్ని చల్లార్చి మళ్లీ వాడుకోవచ్చు. పద్ధతి అంతే.

అప్పుడు వాతావరణం గురించి ఎవరికీ ఆలోచన లేదు. సహజవాయువుని శుభ్రం చేయడానికి ఇది వాడారు. తర్వాత సబ్‌మెరైన్లలో మనుషులు వదిలే గాలిని శుభ్రం చేయడానికీ ఇదే పద్ధతి. ఇవాళ్టికీ ప్రపంచంలో చాలా ప్లాంట్లలో నడిచేది దీని పిల్లలూ మనవలే.

మరి ఇంత పాత టెక్నాలజీ ఉంటే ఇన్నాళ్లూ పవర్ ప్లాంట్లకి ఎందుకు పెట్టలేదు? ఆ వేడి ఎక్కడి నుంచి తేవాలి చెప్పండి. ప్లాంట్ ఆవిరి నుంచే తేవాలి. సీఓటూని నొక్కి పైపులో పంపడానికి కరెంటు కూడా ప్లాంట్‌దే. దాంతో ప్లాంట్ తయారుచేసే కరెంటులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా దీనికే ఖర్చయిపోతుంది. ఇంటికి వచ్చిన జీతంలో పాతిక శాతం చెత్త తీసేవాళ్లకే ఇవ్వాలంటే ఎవరు ఒప్పుకుంటారు? చెత్త వీధిలో పారేస్తే ఎవరూ అడగరు అన్నప్పుడు అసలే ఒప్పుకోరు.

1972: భూమిలోకి మొదట పంపింది ఆయిల్ కోసం

1972లో అమెరికాలోని టెక్సాస్‌లో శాక్రాక్ అనే ఆయిల్ క్షేత్రంలో సీఓటూని భూమిలోకి పంపడం మొదలుపెట్టారు. పర్యావరణం కోసం మాత్రం కాదు. పాత బావుల్లో ఆయిల్ రాతికి అతుక్కుపోయి బయటికి రావట్లేదు. సీఓటూ లోపలికి పంపితే ఆయిల్ పల్చబడి కదులుతుంది. అందుకని దూరంలో ఉన్న గ్యాస్ ప్లాంట్ల నుంచి రెండొందల కిలోమీటర్లకు పైగా పైప్‌లైన్ వేసి మరీ తెచ్చుకున్నారు. పక్కన ప్లాంట్లు గాల్లోకి వదిలేసే సీఓటూని వీళ్లు సరుకులా వాడుకున్నారు.

ఈ పద్ధతి వల్ల మంచి జరిగింది, చెడూ జరిగింది. మంచి ఏంటంటే, సీఓటూని పైపుల్లో పంపడం, బావిలోకి నొక్కడం, లోపల అది ఎలా ప్రవర్తిస్తుందో చూడటం ఇంజనీర్లకి చేతికొచ్చింది. చెడు ఏంటంటే, దీనితో తీసిన ఆయిల్ మళ్లీ ఎక్కడో కాలుతుంది, మళ్లీ సీఓటూ వస్తుంది. ఇవాళ్టికీ ప్రపంచంలో పట్టిన సీఓటూలో ఎక్కువ భాగం ఆయిల్ తీయడానికే పోతోంది. మా బావమరిది 'సాకా' అని అడిగిన దాంట్లో సగం నిజం ఇక్కడుంది.

వాతావరణం కోసం సీఓటూని దాచాలి అనే ఆలోచనని కాగితం మీద పెట్టింది ఇటలీ శాస్త్రవేత్త చెసారే మార్చెట్టి, 1977లో. జిబ్రాల్టర్ దగ్గర మధ్యధరా సముద్రపు బరువైన ఉప్పునీరు అట్లాంటిక్ లోతుల్లోకి దిగుతుంది. ఆ నీటిలో సీఓటూని కలిపేస్తే అడుక్కి పోతుంది కదా అన్నది ఆయన ఆలోచన. సముద్రం ఆమ్లం అవుతుందని ఆ దారి తర్వాత వదిలేశారు. కానీ 'పట్టుకోవచ్చు, ఎక్కడో పెట్టొచ్చు' అనే మాట చర్చలోకి వచ్చింది.

1996: ఒక పన్ను చేసిన పని

ఇప్పుడు ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం. నార్వే.

1991లో నార్వే ప్రభుత్వం సీఓటూ మీద పన్ను వేసింది. సముద్రంలో గ్యాస్, ఆయిల్ తీసే ప్లాట్‌ఫామ్‌లకి కూడా. టన్నుకి సుమారు 50 డాలర్లు. అదే సమయంలో వాళ్ల ప్రభుత్వ కంపెనీ స్టాటాయిల్, ఇప్పుడు ఈక్వినార్ అంటున్నారు, ఉత్తర సముద్రంలో స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రాన్ని సిద్ధం చేస్తోంది. అక్కడి గ్యాస్‌లో సీఓటూ దాదాపు 9 శాతం ఉంది. కొనేవాళ్లు 2.5 శాతం మించితే తీసుకోమన్నారు. కాబట్టి ఎలాగూ విడదీయాల్సిందే. బాటమ్స్ అమీన్ పద్ధతే వాడారు.

విడదీసిన సీఓటూ ఏడాదికి దాదాపు 10 లక్షల టన్నులు. గాల్లోకి వదిలితే ఏడాదికి సుమారు 5 కోట్ల డాలర్ల పన్ను. భూమిలోకి పంపే ఏర్పాటుకి అదనంగా అయ్యే ఖర్చు సుమారు 8 కోట్ల డాలర్లు. లెక్క మీరే వేసుకోండి. రెండేళ్ల పన్ను డబ్బుతో అయిపోయే పని. 1996లో మొదలుపెట్టారు. ఆయిల్ కోసం కాకుండా, కేవలం దాచడం కోసం ఇంత పెద్ద ఎత్తున సీఓటూని భూమిలోకి పంపడం ప్రపంచంలో అదే మొదటిసారి.

ఎక్కడ పెట్టారు? చాలామంది లోపల పెద్ద గుహ ఉంటుంది, దాంట్లో నింపుతారు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. గుహ కాదు. ఇసుకలో బకెట్ నీళ్లు పోస్తే ఎక్కడికి పోతాయి? రేణువుల మధ్య సందుల్లోకి. అలాగే సముద్రం అడుగున దాదాపు 800 నుంచి 1,000 మీటర్ల లోతులో ఉత్సీరా అనే ఇసుకరాతి పొర ఉంది. దాని సందుల్లో ఉప్పునీరు ఉంది. దాని పైన బంకమట్టి గట్టిపడిన షేల్ పొర మూతలాగా కప్పి ఉంది. 800 మీటర్లు దాటితే ఒత్తిడి ఎక్కువ కాబట్టి సీఓటూ గ్యాస్‌లాగా ఉండదు, దాదాపు ద్రవంలా చిక్కబడుతుంది. కొన్ని వందల రెట్లు తక్కువ చోటు చాలు.

మరి పైకి రాదా? మొదటి కాపలా ఆ మూత. రెండోది, చొక్కా మీద నూనె చుక్క పడితే ఎంత పిండినా కొంత దారాల్లో ఉండిపోయినట్టు, కొంత సీఓటూ సందుల్లో ఇరుక్కుపోతుంది. మూడోది, కొంత ఉప్పునీటిలో కరుగుతుంది. అలా కరిగిన నీరు మామూలు నీటికంటే బరువు, కిందికి దిగుతుంది. నాలుగోది, చాలా కాలానికి కొంత రాయిగానే మారిపోతుంది. భూమిలో సహజవాయువు లక్షల ఏళ్లు పైకి రాకుండా నిలిచింది కూడా ఇలాంటి మూత కిందే.

స్లైప్నర్ వాళ్లు ఇంకో మంచి పని చేశారు. మొదలుపెట్టక ముందే 1994లో భూకంప తరంగాల పద్ధతిలో లోపలి చిత్రం తీసిపెట్టుకున్నారు. 1999 నుంచి మళ్లీ మళ్లీ తీశారు. చూస్తే సీఓటూ ఒకే ముద్దగా లేదు. ఇసుకరాతి లోపల సన్నటి మట్టి పొరలున్నాయి. వాటి కింద తొమ్మిది అంతస్తులుగా పరుచుకుంది! పైనున్న అసలు మూత మాత్రం నిలిచింది. అంటే అనుభవం ఉన్న కంపెనీకి కూడా లోపల ఎలా ఉందో పూర్తిగా తెలీదు. చూస్తూ ఉంటేనే తెలిసింది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. అలా శుభ్రం చేసిన గ్యాస్‌ని యూరప్‌కి అమ్మారు, అది అక్కడ కాలింది. దాచింది గ్యాస్‌లో కలిసొచ్చిన సీఓటూని మాత్రమే.

ఆ తర్వాత బోర్లాపడ్డ కథలు

స్లైప్నర్ చూసి అందరికీ ఉత్సాహం వచ్చింది. 2003లో అమెరికా ఫ్యూచర్‌జెన్ అని ఒక భారీ ప్రాజెక్టు ప్రకటించింది. పొగ లేని బొగ్గు ప్లాంట్ అన్నారు. 2006లో మన దేశం కూడా అందులో భాగస్వామిగా చేరడానికి ఒప్పుకుంది. ఖర్చు పెరిగిపోతోందని 2008లో ఆపేశారు. మళ్లీ రూపం మార్చి లేపారు, 2015లో శాశ్వతంగా మూసేశారు.

నార్వేలోనే 2007 కొత్త సంవత్సరం ప్రసంగంలో ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ మోంగ్‌స్టాడ్ ప్రాజెక్టుని చంద్రుడి మీద దిగడంతో పోల్చారు. 2013లో దాన్ని వదిలేశారు. ఒక టెస్ట్ సెంటర్ మాత్రం మిగిలింది. అది ఇవాళ్టికీ ఉపయోగపడుతోంది కాబట్టి పూర్తిగా వృథా అనలేం. కానీ ఆరంభశూరత్వం అంటే ఇదే.

అమెరికాలోని మిసిసిపీలో కెంపర్ ప్లాంట్ ఇంకా ఘోరం. ఖర్చు 750 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. 2017లో బొగ్గుని గ్యాస్‌గా మార్చే భాగాన్ని వదిలేసి మామూలు సహజవాయువుతో నడిపారు. 2021లో ఆ భాగాన్ని పేల్చి కూల్చేశారు.

కెనడాలో బౌండరీ డ్యామ్ మాత్రం 2014లో నిజంగానే నడిచింది. బొగ్గు ప్లాంట్‌లో పెద్ద ఎత్తున సీఓటూ పట్టడం అదే మొదలు. ఏడాదికి 10 లక్షల టన్నులు అనుకున్నారు, అంత పట్టలేకపోయారు. బూడిద వచ్చి అమీన్‌ని పాడుచేసింది. ఇది గుర్తుపెట్టుకోండి, మన దేశం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

టెక్సాస్‌లో పెట్రా నోవా 2017లో మొదలైంది. దాని సీఓటూ ఆయిల్ బావులకే వెళ్లేది. 2020లో ఆయిల్ ధర పడిపోగానే ఆపేశారు. ధర కోలుకున్నాక 2023లో మళ్లీ తెరిచారు. చూశారా? కెమిస్ట్రీ మారలేదు, జియాలజీ మారలేదు. ఆయిల్ ధర మారింది, అంతే.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి కనపడింది. సీఓటూని వదిలితే డబ్బు పోతుంది అన్న చోట ఈ పని జరిగింది. సీఓటూ అమ్మితే డబ్బు వస్తుంది అన్న చోట జరిగింది. మంచి పని కదా చేద్దాం అన్న చోట మాత్రం ఎక్కువసార్లు ఆగిపోయింది. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి అన్నది తేలకపోతే ఎంత గొప్ప గంట తయారుచేసినా లాభం లేదు.

కింద ఏముందో తెలియకపోతే

డబ్బు ఒక్కటే సమస్య కాదు. రెండో ప్రశ్న, కింద ఏముందో మనకి తెలుసా?

అల్జీరియా ఎడారిలో ఇన్ సలాహ్ అనే చోట 2004 నుంచి 2011 దాకా సుమారు 38 లక్షల టన్నులు భూమిలోకి పంపారు. శాటిలైట్‌తో చూస్తే పైన నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పైకి ఉబుకుతోంది! ఒత్తిడి వల్ల మూత రాయి కింది భాగంలో పగులు వచ్చి ఉండొచ్చని అనుమానం వచ్చి 2011లో ఆపేశారు. సీఓటూ బయటికి రాలేదు. నార్వేలోనే స్నోవిట్ అనే ఇంకో చోట 2008లో మొదలుపెడితే, అనుకున్నదానికంటే వేగంగా ఒత్తిడి పెరిగింది. 2011లో వేరే పొరకి మార్చుకున్నారు.

ఇక జనం భయం. అది ఊరికే వచ్చింది కాదు. 1986లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ అనే సరస్సు అడుగున సహజంగా పేరుకున్న సీఓటూ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. గాలికంటే బరువు కాబట్టి లోయలోకి పాకింది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే, సుమారు 1,700 మంది చనిపోయారు. అది ప్రకృతి చేసిన పని, మనిషి దాచింది కాదు. కానీ 2020 ఫిబ్రవరిలో మిసిసిపీలోని సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర సీఓటూ పైప్‌లైన్ పగిలింది. వానలకి నేల జారి పైపు తెగింది. కార్ల ఇంజన్లు ఆక్సిజన్ లేక ఆగిపోయాయి. 45 మంది ఆసుపత్రికి వెళ్లారు, రెండొందల మందిని ఖాళీ చేయించారు. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు.

నెదర్లాండ్స్‌లో బారెన్‌డ్రెక్ట్ అనే ఊరి కింద ఖాళీ అయిన గ్యాస్ క్షేత్రంలో దాస్తామంటే జనం ఎదురుతిరిగారు. 2010లో ప్రభుత్వం రద్దు చేసింది. రాళ్ల గురించి చదివారు, రాళ్ల మీద బతికేవాళ్లని చివర్లో అడిగారు. మన దగ్గర ఎప్పుడైనా ఈ పని జరిగితే ఇది మొదటి పాఠం కావాలి.

నల్లరాయి చేసిన విచిత్రం

ఇప్పుడు ఐస్‌లాండ్. బావమరిది పీహెచ్‌డీకి దగ్గరి కథ ఇదే.

ఐస్‌లాండ్ అంతా బసాల్ట్. అంటే లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము దాంట్లో ఎక్కువ. సోడాలాగా సీఓటూ కలిపిన నీటిని ఆ రాయిలోకి పంపితే, ఆ ఆమ్లనీరు రాయిలోంచి కాల్షియంని లాగుతుంది. రెండూ కలిసి సున్నపురాయి లాంటి ఖనిజంగా గడ్డకడతాయి. ఇక గ్యాస్ లేదు, లీక్ లేదు. ఇది తెలిసిన విషయమే. కానీ వందలు, వేల ఏళ్లు పడుతుంది అనుకునేవాళ్లు.

2012లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు వాళ్లు కొద్దిగా పంపి చూశారు. కొంత దూరంలో ఉన్న బావిలోంచి నీళ్లు తోడి పరీక్షిస్తున్నారు. ఒకరోజు ఆ బావిలో పంపు ఆగిపోయింది. పైకి తీసి చూస్తే పంపుకి గారపట్టి ఉంది. మన బోరు మోటార్లకి పడుతుంది చూడండి, అలా. అది కాల్సైట్, అంటే సీఓటూ రాయిగా మారుతున్న గుర్తు. 2016లో సైన్స్ పత్రికలో ఫలితం వచ్చింది. 95 శాతానికి పైగా సీఓటూ రెండేళ్లలోపే రాయిగా మారింది!

అయితే దీనికి నీళ్లు చాలా కావాలి. ఒక టన్ను సీఓటూకి 25 టన్నుల దాకా. అమెరికాలో వలూలా అనే చోట 2013లో ఇంకో రకంగా చేశారు. నీళ్లు కలపకుండా దాదాపు 1,000 టన్నుల సీఓటూని నేరుగా బసాల్ట్‌లోకి పంపారు. తర్వాత రాయిని తవ్వి తీసి చూస్తే సందుల్లో కొత్త కార్బొనేట్ ఖనిజపు గుళికలు కనిపించాయి.

బసాల్ట్ అనగానే మనకి గుర్తు రావాల్సింది దక్కన్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా, దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్ర దాని గుండెకాయ, తూర్పు అంచు మన తెలంగాణలోకి వస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరికి రెండు వైపులా కనిపించే నల్లరాయి కూడా ఆ కాలపు లావాదే. పత్తి పండే నల్లరేగడి చాలావరకు ఆ రాయి కరిగి అయిన నేలే. మన వైపు పొరలు పలుచన, పడమరకి వెళ్లేకొద్దీ మందం.

ఈ దక్కన్ బసాల్ట్‌లో సీఓటూ దాచొచ్చా అని మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్టీపీసీతో, వలూలా పని చేసిన అమెరికన్ ల్యాబ్‌తో కలిసి చాలా ఏళ్ల కిందటే అధ్యయనం మొదలుపెట్టింది. అయితే అక్కడ జాగ్రత్త కూడా కావాలి. 1967లో కొయ్‌నా భూకంపం దక్కన్ బసాల్ట్ ప్రాంతంలోనే వచ్చింది. రిజర్వాయర్ నీటి ప్రభావం వల్ల వచ్చిన భూకంపాలకి అది ప్రపంచంలో పేరున్న ఉదాహరణ. అలాంటి చోట లోపలికి ఒత్తిడితో ఏదైనా పంపే ముందు పదిసార్లు ఆలోచించాలి కదా.

మన దేశంలో ఎంతదాకా వచ్చింది

పట్టడం మొదలైంది. తమిళనాడులోని తూత్తుకుడిలో 2016లో ఒక రసాయనాల ఫ్యాక్టరీ తన బాయిలర్ పొగలోంచి ఏడాదికి 60 వేల టన్నుల సీఓటూ పట్టేలా ఏర్పాటు చేసుకుంది. దాంతో సోడా యాష్ చేస్తారు. ఆ టెక్నాలజీ ఇచ్చిన కంపెనీని పెట్టింది ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన ఇద్దరు కుర్రాళ్లు. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ రోజుకి 20 టన్నులు పట్టి మిథనాల్ చేసే ప్లాంట్ పెట్టింది. 2022లో నీతి ఆయోగ్ దీని మీద ఒక విధాన నివేదిక ఇచ్చింది.

కానీ ఒకటి గమనించండి. సోడా యాష్ గాజు ఫ్యాక్టరీలో కరిగితే ఆ సీఓటూ మళ్లీ బయటికొస్తుంది. మిథనాల్ కాలితే మళ్లీ వస్తుంది. ఇది వాడుకోవడం, దాచడం కాదు. పెద్ద ఎత్తున భూమిలో దాచిన చోటు మన దేశంలో ఇప్పటికీ లేదు.

ప్రపంచం మొత్తం మీద చూసినా, పట్టే సామర్థ్యం ఏడాదికి సుమారు 5 కోట్ల టన్నులు. బొగ్గు, ఆయిల్, గ్యాస్ నుంచి మనం వదిలేది దాదాపు 3,700 కోట్ల టన్నులు. వెయ్యిలో ఒకటిన్నర వంతు కూడా లేదు. కాబట్టి దీన్ని చూపించి సోలార్, గాలి కరెంటు ఆపుతామంటే అది సాకే. నా అభిప్రాయం సూటిగా ఇదీ.

మరి అవసరం ఎక్కడ? సిమెంటులో. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే సీఓటూ వస్తుంది. బట్టీకి సోలార్ కరెంటు పెట్టినా అది ఆగదు. పల్నాడు, నల్గొండ, కడప వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నార్వేలో బ్రెవిక్ అనే ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ 2025లో ఈ పని మొదలుపెట్టింది, ఏడాదికి 4 లక్షల టన్నులు, అంటే దాని సీఓటూలో సగం. ఓడల్లో తీసుకెళ్లి, సముద్రం అడుగున 2,600 మీటర్ల లోతుకి పంపుతున్నారు. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే పెట్టుకుంది. మళ్లీ అదే ప్రశ్న, చూశారా.

చదువుకునేవాళ్లకి పని ఎక్కడుంది

ఒకటి, మన బొగ్గులో బూడిద ఎక్కువ, 30 నుంచి 40 శాతం దాకా. బౌండరీ డ్యామ్‌లో బూడిద ఏం చేసిందో విన్నారు. మన పొగకి తట్టుకునే, తక్కువ వేడితో పనిచేసే ద్రవం కావాలి. కెమిస్ట్రీ వాళ్ల పని. రెండు, మన భూమి లోపల ఉప్పునీటి పొరలు, బసాల్ట్ పొరలు ఎక్కడ ఎంత తట్టుకుంటాయో కొలవాలి. జియాలజీ వాళ్ల పని. మూడు, బసాల్ట్‌కి మంచినీళ్లు కాకుండా సముద్రపు నీరు వాడొచ్చా? నీటి కరువున్న దేశానికి ఇది చాలా పెద్ద ప్రశ్న. నాలుగు, లోపలికి పంపినదాన్ని ఏళ్ల తరబడి తక్కువ ఖర్చుతో కనిపెట్టుకుని ఉండటం. కంప్యూటర్ సైన్స్ వాళ్లూ ఇందులోకి రావచ్చు. స్లైప్నర్ డేటాని పరిశోధన కోసం ఉచితంగానే ఆన్‌లైన్‌లో పెట్టారు. ఐదు, చట్టం. వందేళ్ల తర్వాత లీక్ అయితే బాధ్యత ఎవరిది? ఊరివాళ్లని ఎప్పుడు, ఎలా అడగాలి?

వారం తర్వాత బావమరిదికి ఫోన్ చేశాను. "చేరు. కానీ బొగ్గుని కాపాడటానికి చేరుతున్నా అనుకోకు. కింద ఏముందో కొలవడానికి చేరు. డబ్బు ఎవరు కట్టాలన్నది ప్రభుత్వాలు ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకోవాలి. ఆ రోజు ఎక్కడ దాచాలి అని అడిగితే, ఇక్కడ దాచొచ్చు, ఇక్కడ వద్దు అని చెప్పగలిగినవాడు ఒకడు ఉండాలి. ఇక్కడ వద్దు అని చెప్పడం కూడా మంచి పీహెచ్‌డీయే" అన్నాను.

ఫోన్ స్పీకర్‌లో ఉందట. మామయ్య అందుకున్నారు. "అల్లుడూ, ఆ నల్లరాయిలోకి పంపితే రెండేళ్లలో రాయైపోయిందన్నావు, నిజమేనా?" నిజమే మామయ్యా అన్నాను. కాసేపు ఆగి, "ఆ పంపుకి గారపట్టిన ఫొటో ఉంటే పంపించు, చూస్తాను" అన్నారు. ముప్పై ఏళ్లు పంపులూ పైపులూ చూసిన మనిషి కదా, ఆయన నమ్మకం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇదీ ఇవాళ్టి ఎపిసోడ్. మీ ఊరి దగ్గర థర్మల్ ప్లాంటో, సిమెంటు ఫ్యాక్టరీయో ఉంటే, అక్కడ పనిచేసినవాళ్లకి ఇది వినిపించి ఏమంటారో అడిగి చూడండి.